డ్రైవర్ ఎవరి చేతిలో ఉంటే వస్తువు వాళ్ళదే

మన ఇళ్ళల్లో, షాపుల్లో, స్కూళ్ళల్లో మూలన పడి ఉన్న ప్రింటర్లు, స్కానర్లు, వెబ్‌క్యామ్‌లలో చాలావాటికి ఏ జబ్బూ లేదు. కరెంటు పెడితే లైటు వెలుగుతుంది, మోటారు తిరుగుతుంది, కాగితం లాగుతుంది. లేనిదల్లా డ్రైవర్ ఒక్కటే, అంటే ఆ వస్తువుతో ఎలా మాట్లాడాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలిపే ప్రోగ్రామ్. ఒడిశాలోని పర్లాకిమిడిలో కంప్యూటర్ సర్వీస్ పని చేసేవాడిగా నన్ను ఎక్కువ బాధపెట్టే కేసులు ఇవే. కాలిపోయిన బోర్డు చూస్తే అంత బాధ ఉండదు, దాని ఆయువు తీరిపోయిందనుకుంటాం. నిక్షేపంలా ఉన్న స్కానర్‌ని "కొత్త విండోస్‌లో ఇది పనిచెయ్యదండీ, ఇంకోటి కొనుక్కోండి" అని తిప్పి పంపాలంటే మాత్రం నాకు మనసొప్పదు.

ఈమధ్య ఇవి మరీ ఎక్కువయ్యాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది, అందరూ 11 వేయించుకోవడం మొదలుపెట్టారు. విండోస్ 11లో 32 బిట్ రకం అసలు లేదు, 64 బిట్ ఒక్కటే. ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డుని కెర్నల్ అంటారు, అందులో నడిచే డ్రైవర్ 32 బిట్‌దైతే 64 బిట్ విండోస్ దాన్ని లోడ్ చెయ్యదు. పాత మెషిన్లలో 32 బిట్ విండోస్ వేసుకుని, కంపెనీ ఎప్పుడో ఇచ్చిన డ్రైవర్ సీడీతో లాగించుకొస్తున్నవాళ్ళందరికీ ఒక్కసారిగా డివైస్ మేనేజర్‌లో, అంటే విండోస్ మన వస్తువుల జాబితా చూపించే చోట, పసుపు గుర్తు వచ్చి కూర్చుంది.

నేను చెప్పదలచుకున్నది ఇది. యూఎస్‌బీ వస్తువు కొనేటప్పుడు ధర, రంగు, వారంటీ కన్నా ముందు దాని డ్రైవర్ ఎక్కడుందో అడగాలి. సొంత డ్రైవర్ అక్కర్లేని వస్తువు అన్నిటికన్నా మంచిది. అది దొరక్కపోతే, డ్రైవర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే కలిసిపోయి ఉన్నది కొనాలి. కంపెనీ వెబ్‌సైట్ నుంచి తెచ్చుకుంటే తప్ప పనిచెయ్యని వస్తువుని మనం కొన్నట్టు కాదు, ఆ కంపెనీ ఓపిక ఉన్నన్నాళ్ళూ వాడుకోనిచ్చినట్టు. ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో తెలియాలంటే, కేబుల్ గుచ్చిన సెకనులో లోపల ఏం జరుగుతుందో చూడాలి.

యూఎస్‌బీ 2.0 వరకు తీసుకుంటే కేబుల్‌లో ఉండేవి నాలుగు తీగలు, రెండు కరెంటుకి, రెండు డేటాకి. వస్తువు లోపల డేటా తీగల్లో ఒకదాన్ని ఒకటిన్నర కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో పైకి లాగి ఉంచుతారు. గుచ్చగానే ఆ తీగ మీద వోల్టేజ్ లేస్తుంది, దాన్ని చూసి హబ్, అంటే పోర్టుల్ని కనిపెట్టుకుని ఉండే భాగం, "ఈ పోర్టులో ఎవరో వచ్చారు" అని గ్రహిస్తుంది. ఏ తీగ లేచిందన్నదాన్ని బట్టి అది మౌస్‌లాంటి, సెకనుకి 1.5 మెగాబిట్ల నెమ్మది రకమా, 12 మెగాబిట్ల రకమా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది. 480 మెగాబిట్ల రకం ముందు 12 రకంలాగే వచ్చి, రీసెట్ సమయంలో తన అసలు వేగం చెప్పుకుంటుంది.

తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పోర్టుని రీసెట్ చేస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతి వస్తువు చిరునామా మొదట సున్నాయే. ఆ సున్నా చిరునామాకి "నువ్వెవరు" అని కబురు పెడితే, అది డివైస్ డిస్క్రిప్టర్ అనే 18 బైట్ల పరిచయ పత్రంతో జవాబిస్తుంది. ఆ మధ్యలోనే దానికి 1 నుంచి 127 లోపు ఒక చిరునామా ఇస్తారు. ఆ 18 బైట్లలో రెండు బైట్లు తయారుచేసినవాడి నంబరు, రెండు బైట్లు ఆ మోడల్ నంబరు. ఆ తర్వాత కాన్ఫిగరేషన్ అడిగితే, తనకెంత కరెంటు కావాలో, తనలో ఎన్ని ఇంటర్‌ఫేస్‌లు, అంటే ఎన్ని రకాల పనిభాగాలు ఉన్నాయో, ఒక్కోటి ఏ జాతిదో (ఇంగ్లీషులో క్లాస్ అంటారు) అన్నీ చెప్తుంది. ఈ పలకరింపు పూర్తయ్యేదాకా 100 మిల్లీ ఆంపియర్లు మించి లాగకూడదు. ఒప్పుకున్నాకే 500 వరకు వెళ్ళొచ్చు, అందుకే కొన్ని పాత హబ్‌లలో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ టకటకమని ఆగిపోతుంది, జనం డిస్క్ పోయిందని హడలిపోతారు.

ఇంకో సంగతి. యూఎస్‌బీ వస్తువు తనంతట తను ఎప్పుడూ నోరెత్తదు. మౌస్ కదిలిస్తే అది కంప్యూటర్‌ని పిలవదు, కంప్యూటరే కొన్ని మిల్లీసెకన్లకోసారి "ఏమన్నా ఉందా" అని అడుగుతూ ఉంటుంది. ఈ అడగడం, టైమింగ్, తప్పులొస్తే మళ్ళీ అడగడం, ఇదంతా ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉండే హోస్ట్ కంట్రోలర్ డ్రైవర్ (కంప్యూటర్ వైపు యూఎస్‌బీ చిప్‌ని నడిపేది), దాని మీద ఉండే యూఎస్‌బీ కోర్ చూసుకుంటాయి. మన ప్రింటర్ డ్రైవర్, వెబ్‌క్యామ్ డ్రైవర్ వీటి పైన కూర్చుని "ఈ బైట్లు ఫలానా వస్తువుకి పంపు, జవాబు వస్తే చెప్పు" అంటాయి, అంతే. తీగ మీద కష్టం అంతా ఆపరేటింగ్ సిస్టమ్ మోస్తోంది. వస్తువు డ్రైవర్‌కి మిగిలింది, ఆ బైట్లకి అర్థమేమిటో తెలిసి ఉండడం. ఆ అర్థాన్ని బయట పెట్టడానికే కొన్ని కంపెనీలకి చేతులు రావు.

ఇక ఏ వస్తువుకి ఏ డ్రైవర్ అన్న పొత్తు ఎలా కుదురుతుంది? విండోస్ ఆ నంబర్లతో ఒక పేరు తయారుచేస్తుంది, దానికి సరిగ్గా సరిపోయే ఐఎన్ఎఫ్ ఫైల్, అంటే ఏ వస్తువుకి ఏ డ్రైవరో రాసి ఉండే ఫైల్, ఉందా అని వెతుకుతుంది. లేకపోతే ఒక మెట్టు దిగి, జాతిని బట్టి సరిపోయే మామూలు డ్రైవర్ ఉందా అని చూస్తుంది. కోడ్ అందరికీ బయటే ఉండే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్. అందులో ప్రతి డ్రైవర్ "నేను ఈ నంబర్ల వాటిని, ఈ జాతి వాటిని చూసుకుంటాను" అని ఒక పట్టిక రాసిపెట్టుకుంటుంది, కొత్త వస్తువు వచ్చినప్పుడు ఆ పట్టికలతో పోల్చి తగిన మాడ్యూల్‌ని, అంటే ఆ డ్రైవర్ ఉన్న ముక్కని, తెచ్చి లోడ్ చేస్తారు. రెండు చోట్లా సూత్రం ఒక్కటే: ముందు ఈ మోడల్‌కే ప్రత్యేకంగా ఎవరన్నా ఉన్నారా, లేకపోతే ఈ జాతికి ఎవరున్నారు.

ఆ రెండో మెట్టే యూఎస్‌బీ మొత్తంలో నాకు ఎంతో ఇష్టమైన ఏర్పాటు. కీబోర్డు, మౌస్‌లది 3వ జాతి, ప్రింటర్లది 7, పెన్ డ్రైవ్‌లది 8, ఆడియో 1, వీడియో 14. ఈ జాతుల నియమాలు ఎవరైనా చదువుకోవచ్చు. ఒక్క డ్రైవర్ రాస్తే ఆ జాతిలో పుట్టిన ప్రతి వస్తువుకీ, రేపు పుట్టబోయే వాటికీ పనికొస్తుంది. 1996 జనవరిలో యూఎస్‌బీ 1.0 వచ్చింది, ఇంటెల్‌లో దాని వెనకున్నవాళ్ళలో ముఖ్యుడు వడోదరలో చదువుకున్న అజయ్ భట్. ఆయన తరం కోరుకున్నది ఈ సుఖాన్నే: గుచ్చితే పనిచెయ్యాలి, సెట్టింగ్‌లు తిప్పుకునే టెన్షన్ ఉండకూడదు. అది ఒక్కరోజులో రాలేదు. విండోస్ 98 రోజుల్లో పెన్ డ్రైవ్‌కి కూడా డ్రైవర్ వేసుకోవాల్సి వచ్చేది. విండోస్ 2000, ఎమ్ఈలతో ఆ జాతి డ్రైవర్ లోపలికి వచ్చాక ఆ బాధ తీరింది. ఇవాళ బజారులో ఏ బ్రాండ్ పెన్ డ్రైవ్ కొన్నా, డ్రైవర్ గురించి ఎవరూ ఒక్క ముక్క అడగరు. అన్ని వస్తువులకీ ఆ స్థితి రావాలన్నదే నా పట్టు.

జాతి డ్రైవర్ గొప్పతనం మా ఊళ్ళో అందరికన్నా బాగా తెలియాలి, ఎందుకంటే అది మా టేబుళ్ళ మీదే ఉంది. పర్లాకిమిడిలో ఇంట్లో మాట తెలుగు, ఆఫీసు కాగితం ఒడియా, మధ్యలో ఇంగ్లీషు. నది దాటి కాస్త ముందుకెళితే ఆంధ్రాలోని పాతపట్నం, అక్కడ కాగితం కూడా తెలుగే. అయినా ఇక్కడ ఒడియా కీబోర్డు, తెలుగు కీబోర్డు అని వేరుగా ఎవరూ కొనుక్కోవడం లేదు. కారణం ఏమిటంటే కీబోర్డు అక్షరాలు పంపదు. కే అని రాసి ఉన్న మీట నొక్కితే అది పంపేది 14 అనే అంకె, ఆ మీట ఎక్కడుందో చెప్పే అంకె. ఆ 14ని ఏ అక్షరంగా మార్చాలన్నది ఆపరేటింగ్ సిస్టమ్ పైన ఉన్న లేఅవుట్ నిర్ణయిస్తుంది. మన దేశం ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌ని తయారుచేసినప్పుడు భారతీయ లిపుల్లో చాలావాటికి ఒకే ధ్వని ఒకే మీట మీద పడేట్టు చూశారు. కాబట్టి అదే 14, తెలుగు పెట్టుకుంటే తెలుగు "క" అవుతుంది, ఒడియా పెట్టుకుంటే ఒడియా "క" అవుతుంది. తెలుగులో టైపింగ్ వచ్చిన పిల్లకి ఒడియా టైపింగ్ సగం వచ్చేసినట్టే. కీబోర్డు తయారుచేసిన కంపెనీకి ఒడియా అనే భాష ఉందని తెలియనవసరం లేదు. అదే ఆ కంపెనీ తన సొంత డ్రైవర్‌తో, తన సొంత కోడ్‌లతో కీబోర్డు అమ్మి ఉంటే, చిన్న భాషల కోసం ఎవరు రాసేవారు? సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనలాంటివాళ్ళ వంతు ఎప్పటికి వచ్చేది?

వెబ్‌క్యామ్‌లది ఇంకో రకం కథ. వాటి జాతి నియమాలు ఆలస్యంగా వచ్చాయి. విండోస్‌లో ఆ డ్రైవర్ 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో వచ్చింది, లైనక్స్ కెర్నల్‌లో 2008లో చేరింది. అంతకు ముందు కొన్న క్యామెరాలు ఒక్కోటీ ఒక్కో పద్ధతి. ఫ్రాన్సులో మిషెల్ క్సార్డ్ అనే వైద్యుడు, కంపెనీల సాయం లేకుండా, తీరిక వేళల్లో కూర్చుని రెండు వందలకు పైగా వెబ్‌క్యామ్‌లకి లైనక్స్ డ్రైవర్లు రాశాడు. ఆ పని తర్వాత కెర్నల్‌లో కలిసింది. విండోస్‌లో దిక్కులేని పాత క్యామెరా కొన్నిసార్లు లైనక్స్‌లో గుచ్చగానే బొమ్మ చూపిస్తుందంటే అలాంటివాళ్ళ చలవే. నాకు ఆయన మీద ఎంత గౌరవమో చెప్పలేను. కానీ ఒక డాక్టరు తన సాయంత్రాలు ధారపోస్తే తప్ప మన క్యామెరా బతకదు అన్నది ఏర్పాటు కాదు, అదృష్టం.

నియమాలు పాటించని వాటికి కూడా ఒక నంబరుంది, 255, అంటే "నా పద్ధతి నాది". యూఎస్‌బీ నుంచి పాత సీరియల్ పోర్టుకి మార్చే కేబుళ్ళలో చాలావరకు ఈ కోవలోవే. మా వైపు జీడిపిక్కల వ్యాపారులకి ఈ కేబుల్ ప్రాణం, ఎందుకంటే ఎలక్ట్రానిక్ కాటా నుంచి బరువు కంప్యూటర్‌లోకి రావాలంటే అదే దారి. ఒక వ్యాపారి సీజన్ మధ్యలో ఫోన్ చేశారు. "తమ్ముడూ, రాత్రి కంప్యూటర్ అదేదో అప్‌డేట్ అయింది, పొద్దున్నుంచి కాటా చూపించడం లేదు, లారీ వచ్చి నిలబడిపోయింది" అన్నారు. వెళ్ళి చూస్తే కాటా బాగుంది, కేబుల్ బాగుంది. కేబుల్ లోపలి చిప్‌ని చేసిన కంపెనీ తన కొత్త డ్రైవర్‌లో పాత చిప్‌లకి సపోర్ట్ తీసేసింది, డివైస్ మేనేజర్‌లో ఆ చిప్‌ని ఆపేశాం, అమ్మినవాళ్ళని అడగండి అని ఇంగ్లీషులో ఒక లైను. ఆయన అడిగింది ఒక్కటే: "నిన్న పనిచేసింది కదా తమ్ముడూ, నేను డబ్బులిచ్చి కొన్నాను కదా, మధ్యలో వాళ్ళెవరు?" నా దగ్గర లైనక్స్ వేసిన పెన్ డ్రైవ్ ఉంటే దానితో అదే కంప్యూటర్‌ని లేపి, అదే కేబుల్ గుచ్చి, 9600 స్పీడ్ పెట్టి చూపించాను. బరువులు వరసగా వచ్చాయి. అప్పటికి పాత డ్రైవర్ వెతికి పట్టుకుని వేసి, అది మళ్ళీ అప్‌డేట్ కాకుండా ఆపి వచ్చాను గానీ, ఆయన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

ఇది ఒక్క కేబుల్ గొడవ కాదు. 2014లో ఎఫ్‌టీడీఐ అనే చిప్ కంపెనీ డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి, తమ చిప్‌కి నకిలీలుగా తేలిన వాటి మోడల్ నంబర్‌ని సున్నాగా మార్చేసింది. అంటే చిప్ లోపలే రాసేసింది, ఇంకో కంప్యూటర్‌కి తీసుకెళ్ళినా గుర్తుపట్టదు. నకిలీ చెయ్యడం తప్పే, నేను వెనకేసుకురావడం లేదు. కానీ దెబ్బ తిన్నది నకిలీ చేసినవాడు కాదు, లోపల ఏ చిప్ ఉందో తెలియకుండా వస్తువు కొనుక్కున్నవాళ్ళు. గోల పెరిగాక ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకున్నారు. అదే సమయంలో లైనక్స్‌వాళ్ళు ఏం చేశారంటే, ఆ సున్నా నంబర్‌ని కూడా తమ డ్రైవర్ పట్టికలో చేర్చేశారు, చచ్చిందనుకున్న చిప్ అక్కడ మళ్ళీ పనిచేసింది. ఒకే వస్తువు, ఒకే సమస్య, డ్రైవర్ ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి రెండు తీర్పులు.

లైనక్స్‌లో పాత వస్తువులు ఎక్కువకాలం బతకడానికి ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ డ్రైవర్లు కెర్నల్‌తో పాటే ఒకే చోట ఉంటాయి, లోపలి ఏర్పాటు ఏదన్నా మార్చినవాడే దాన్ని వాడే డ్రైవర్లన్నిటినీ సరిచెయ్యాలి. కంపెనీ మూతపడినా ఆ కోడ్ అనాథ కాదు. ఎవరూ వాడటం లేదని తేలితే ఎప్పుడో తీసేస్తారు, అది వేరే సంగతి. యూఎస్‌బీ విభాగాన్ని చాలా ఏళ్ళుగా చూసుకుంటున్న గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ 2007లో కంపెనీలన్నిటికీ బాహాటంగా చెప్పాడు: మీ వస్తువు ఎలా పనిచేస్తుందో వివరాలివ్వండి, డ్రైవర్ మేమే ఊరికే రాసిపెడతాం అని. ఇంతకన్నా మంచి బేరం ఎక్కడుంటుంది? అయినా ఇవ్వని కంపెనీల గురించి నేను మంచిగా అనుకోలేను.

విండోస్ పక్షాన చెప్పాల్సిన మాట కూడా ఉంది. పాత డ్రైవర్ ఫైలునే కొత్త వెర్షన్లలో నడిపించడానికి మైక్రోసాఫ్ట్ పడే శ్రమ తక్కువది కాదు. ఒకసారి చేసిన 64 బిట్ డ్రైవర్ చాలాసార్లు ఏళ్ళ తరబడి నడుస్తుంది. ప్రింటర్ల విషయంలో వాళ్ళు కూడా ఇటువైపే వచ్చారు: ఇకముందు కంపెనీల డ్రైవర్లని క్రమంగా తగ్గించుకుంటూ, ఐపీపీ అనే అందరికీ ఒకటే పద్ధతిలో తమ సొంత డ్రైవర్‌తోనే ప్రింట్ చేయిస్తామని 2023లో ప్రకటించారు.

"సొంత డ్రైవర్ లేకపోతే మా వస్తువులో ప్రత్యేకతలు ఎలా చూపిస్తాం" అని కంపెనీలు అంటాయి. చూపించండి, కానీ మామూలు పని మామూలు డ్రైవర్‌తో జరగాలి, ప్రత్యేకతలు పైన అదనంగా రావాలి. నా మాటకి అడ్డం వచ్చే గట్టి ఉదాహరణ వేలిముద్రల మెషిన్. మా దగ్గర సేవా కేంద్రాల్లో పెన్షన్ డబ్బులు తీసుకునే ముసలమ్మ బొటనవేలు దాని మీదే పెడుతుంది. ఆధార్ కోసం వాడే మెషిన్లకి మెషిన్ కంపెనీయే ఇచ్చే ఆర్డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి, ముద్ర తీసిన చోటే దానికి డిజిటల్ సంతకం పెట్టి, తాళం వేసి పంపాలి. మధ్యలో ఎవరూ పాత ముద్రని తెచ్చి పెట్టకూడదు కదా. అది న్యాయమైన కారణం. అక్కడ కూడా తాళం వెయ్యడాన్ని మెషిన్ లోపలే పెట్టి, యూఎస్‌బీ మాటామంతీని మామూలు పద్ధతిలో ఉంచొచ్చు, భద్రతకి లోటు రాదు. విండోస్ మారిన ప్రతిసారీ సర్వీస్ ఆగిపోయి ముసలివాళ్ళు ఎండలో వెనక్కి వెళ్ళే ఖర్మ ఉండదు.

జాతి డ్రైవర్‌కి ఒక అపాయం ఉందని కూడా ఒప్పుకోవాలి. వస్తువు తన గురించి ఏం చెప్తే ఆపరేటింగ్ సిస్టమ్ అది నమ్ముతుంది. పెన్ డ్రైవ్ రూపంలో ఉన్నది నేను కీబోర్డుని అంటే కీబోర్డే. బ్యాడ్‌యూఎస్‌బీ పేరుతో 2014లో భద్రతా పరిశోధకులు దీన్ని చేసి చూపించారు. కాబట్టి రోడ్డు మీద దొరికిన పెన్ డ్రైవ్ గుచ్చొద్దు, ఆఫీసుల్లో అయితే కొత్త వస్తువు వచ్చినప్పుడు అనుమతి అడిగే ఏర్పాటు పెట్టుకోవాలి. సొంత డ్రైవర్ ఉంటే ఈ అపాయం తగ్గుతుందనుకోకండి, ఏదో సైటు నుంచి దింపిన డ్రైవర్ ఫైలు అంతకన్నా లోపలికి, నేరుగా కెర్నల్‌లోకి వెళ్తుంది. "డ్రైవర్ డౌన్‌లోడ్" అని వెతికి, మొదట కనపడ్డ బటన్ నొక్కి, వైరస్ తెచ్చుకున్న మెషిన్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

కొనేముందు చూసుకోవడం కష్టమేమీ కాదు. ప్రింటర్ అయితే పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అని గానీ మోప్రియా అని గానీ ఉందేమో చూడండి, ఉంటే చాలావరకు డ్రైవర్ లేకుండా నడుస్తుంది. వెబ్‌క్యామ్ అయితే యూవీసీ, అంటే వీడియో జాతి నియమాలు పాటించేదేనా అని అడగండి. కీబోర్డు, మౌస్, పెన్ డ్రైవ్, బార్‌కోడ్ స్కానర్‌లాంటివి షాపులోనే ఓటీజీ కేబుల్‌తో (ఫోన్‌కి యూఎస్‌బీ వస్తువులు తగిలించే చిన్న కేబుల్) మీ ఆండ్రాయిడ్ ఫోన్‌కి గుచ్చి చూడండి. ఫోన్ లోపల ఉన్నది లైనక్స్ కెర్నలే, మీరు దానికి ఏ డ్రైవరూ వెయ్యలేదు, అక్కడ పనిచేసిందంటే జాతి నియమాలు పాటించినట్టే. షాపువాడికి చిరాకొస్తే రానివ్వండి, డబ్బు మనది.

స్కూళ్ళకీ, పంచాయతీ ఆఫీసులకీ, సేవా కేంద్రాలకీ సామాను కొనేవాళ్ళు టెండర్‌లో ఒక్క వాక్యం చేరిస్తే చాలు: "ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు వచ్చే డ్రైవర్‌తోనే, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ, ఈ వస్తువు తన ముఖ్యమైన పని చెయ్యాలి." పది ప్రింటర్లు ఒక్కసారి కొనే స్కూలు అడిగితే సప్లయర్ వింటాడు, ఒక్క ప్రింటర్ కొనే నేను అడిగితే వినడు. కుదరదని ఎవరన్నా అంటే, ఎందుకు కుదరదో, డ్రైవర్ ఎన్నేళ్ళపాటు ఇస్తారో కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి.